నాలుక కింద సగం

మాత్ర నాలుక కింద పెట్టుకుని అతను పెదాలు మూయగానే ఆమె మొదలుపెట్టింది.

"కుళాయి సంగతి ఇంటాయనతో మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా? నేను మాట్లాడితే మళ్ళీ పెళ్ళాం నోటికి అడ్డూ ఆపూ లేదని మీరే అంటారు."

అతను తలూపాడు. ఏ ప్రశ్నకు ఊపాడో ఆమె అడగలేదు. గిన్నెలు ముందేసుకుని కూర్చుంది.

ఆ మాత్రను నమలకూడదు, మింగకూడదు. పూర్తిగా కరిగేదాకా నోరు తెరవకూడదు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఎదురుమాట వినకుండా మాట్లాడే అదృష్టం ఆమెకు ఈ మాత్ర వల్లే పట్టింది. 'ఈ మందు డాక్టరు మీకు కాదు, నాకు రాసిచ్చాడు' అని నవ్వేది. అప్పులవాళ్ళ మాటలు, చుట్టాల మాటలు, మనసులో మాటలు, అన్నీ ఆ కాసేపట్లోనే చెప్పేసేది. అతను గోడకి ఆనుకుని వినేవాడు.

అతను అద్దాలు బిగించే పనివాడు. భుజాల దగ్గర వెడల్పు, నడుం దగ్గర కొయ్యబారిన మనిషి. అరచేతుల నిండా తెల్లటి గీతలు, గాజు పెట్టిన పాత సంతకాలు. ఒకప్పుడు అద్దంతో సహా గోడకి కట్టిన సారవ కర్రల మీంచి పడ్డాడు. నడుం నొప్పికి నల్లమందు జాతి మాత్రలు రాశారు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. ఆ మత్తు కోసం ఇంట్లో అమ్మదగినవి అమ్మాడు, అమ్మకూడనివీ అమ్మాడు. చివరికి గాజు కోసే డైమండు కూడా అమ్ముకొచ్చిన రోజున భార్య అతన్ని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఈ నాలుక కింద మాత్ర ఆ పాత యావను అణిచిపెట్టింది. మనిషి మళ్ళీ మనిషయ్యాడు. రోజూ వేసుకున్నంత కాలమే సుమా.

"ఈమధ్య మీ నోరు తొందరగా తెరుచుకుంటోంది," అంది ఆమె, గిన్నె తోముతూనే.

అతను పనిసంచీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదివరకు నేను గిన్నెలన్నీ బోర్లించేదాకా మూగనోము పట్టేవారు. ఇప్పుడు గ్లాసులు కడిగేలోపే మాటలొస్తున్నాయి. సగమే వేసుకుంటున్నారా?"

నీళ్ళు పారుతున్న చప్పుడు.

"మిగతా సగం ఎటు పోతోంది?"

మాత్ర అప్పటికే కరిగిపోయింది. నోట్లో చేదు తప్ప ఏమీ లేదు. అయినా అతను పెదాలు విప్పలేదు. నోటివైపు వేలు చూపించాడు, ఇంకా ఉందన్నట్టు.

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "కరగనివ్వండి. నాకేం తొందర లేదు," అంది.

సంచీ భుజాన వేసుకుని, నోరు మూసుకునే గడప దాటాడు.

మిగతా సగం అతని చొక్కా జేబులో వెండికాగితంలో ఉంది. గాజును గీసి విరిచినట్టే, రోజూ పొద్దున్నే, మళ్ళీ కొనుక్కున్న డైమండుతో ఒక్క గీత గీసి విరుస్తాడు. పొడి కూడా రాలదు. అది భార్య తమ్ముడికి. పనిలో అతనికి రెండో చెయ్యి వాడే. అద్దాన్ని ఒక్కడు మొయ్యలేడు కదా. వరసకి అతనొక్కడికే బావమరిదైనా పనిచోట అందరూ వాణ్ణి బామ్మర్దీ అనే పిలుస్తారు. 'అందరికీ బామ్మర్దినే గానీ ఒక్కడూ పండక్కి బట్టలు పెట్టడు' అని వాడు గునిసేవాడు. వాడి భుజం పట్టేసినప్పుడు 'ఇది వేసుకోరా, పని తెములుతుంది' అని మొదటి నొప్పిమాత్ర చేతిలో పెట్టింది బావే. ఆ సంగతి వాళ్ళ అక్కకి తెలియదు. తమ్ముడికి ఆ అలవాటుందనే తెలియదు.

దారిలో మందుల షాపు ముందు ఆగాడు.

"రాలేదన్నా," షాపువాడు అడగకముందే చెప్పాడు. "మధ్యాహ్నం లోడులో వస్తుందంటున్నారు. కావాలంటే కంపెనీది ఉంది."

"మూడు రెట్లు పెట్టి ఎక్కణ్ణుంచి కొననయ్యా? రెండిట్లో తేడా ఏంటి?"

"లోపల ఉన్నది ఒకటే మందు. పైన చొక్కా మారింది. చొక్కాకే డబ్బులు."

చౌకరకం వచ్చినన్నాళ్ళూ బాగానే నడిచింది. అది ఆగిపోయాక ఆసుపత్రి వాళ్ళు కంపెనీది కొనుక్కోమన్నారు. సంపాదనంతా పోస్తే అది ఒక మనిషికి సరిపోతుంది. మందు కావాల్సింది ఇద్దరికి, ఒకడు డాక్టరు చీటీలో లేనివాడు.

"చౌకది వస్తే ఫోన్ చెయ్యి. ఇద్దరికి సరిపడా తీసిపెట్టు," అని కదిలాడు.

కట్టుబడి నడుస్తున్న భవనం ముందు బామ్మర్ది అద్దానికి కాపలాగా కూర్చుని ఉన్నాడు. మనిషంత ఎత్తు, మంచమంత వెడల్పు ఉన్న అద్దం. లిఫ్టులో పట్టదు, మెట్ల మీంచే పై అంతస్తుకి ఎక్కించాలి. వాడు ఆవులిస్తున్నాడు. ఆవులింత మీద ఆవులింత. కళ్ళ నీళ్ళు, కారే ముక్కు, ఎండలో కూడా చేతుల మీద లేచి నిలబడ్డ వెంట్రుకలు. ఆ వాలకం అతనికి బాగా తెలుసు. తనూ పడ్డవాడే.

"నువ్వు మాత్ర వేసుకోవట్లేదు."

"వేసుకుంటున్నా బావా. సగమే కదా. సగం నీకూ చాలదు, నాకూ చాలదు. నీ చేతులు చూసుకున్నావా? నిన్న అద్దం అంచుకి జిగురు పెట్టే సీలెంటు గొట్టం పట్టుకుంటే గీత పాములా పోయింది."

"నా చేతుల గొడవ నీకెందుకు? మళ్ళీ ఆ మత్తు పొట్లాలు ముట్టావా?"

"లేదు. వారంగా లేదు. అక్క మీద ఒట్టు."

"మా ఆవిణ్ణి మధ్యలోకి లాగకు. నీ మీద వేసుకో."

"నా మీద వేస్తే నువ్వే నమ్మవుగా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను వెండికాగితం తీసి వాడి అరచేతిలో పెట్టాడు. "ఇంటికెళ్ళి కాదు. ఇప్పుడే, నా ఎదురుగా వేసుకో."

వాడు కాగితాన్ని చూశాడు. తర్వాత మెట్లని చూశాడు.

"ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే మెట్లు ఎవరు చెప్తారు?"

అదీ నిజమే. వెనకవాడికి అద్దం అంచూ చేతులూ అడ్డొచ్చి కాళ్ళ కింద ఏముందో సరిగా కనిపించదు. ముందువాడు వెనక్కి నడుస్తూ మెట్టూ మలుపూ చెప్పాలి. ముందువాడు నడుం వంచాలి. పడిన దగ్గర్నుంచి అతనికి నడుం వంగదు. కాబట్టి ముందు ఎప్పుడూ బామ్మర్దే, చెప్పేది ఎప్పుడూ వాడే.

"పైన పెట్టగానే వేసుకుంటావా?"

"పెట్టగానే."

ఎత్తారు.

"మెట్టు... మెట్టు... ఆగు. చెయ్యి మార్చుకుంటున్నా. ఆ... మెట్టు."

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపులో వాడి గొంతు సన్నబడింది. అద్దానికి అవతల వాడి మొహం పాలిపోయి, చెమటకి తడిసి మెరుస్తోంది. అద్దం అంచు గోడకి గీసుకుని కీచుమంది. అతని చేతులు వణికాయి. ఆ వణుకు గాజులోంచి అవతలికి పాకింది. అవతలి వణుకు తిరిగి ఇతని మోచేతుల్లోకి వచ్చింది.

"జారుతోందిరా!"

"జారదు. నన్ను చూడు బావా, కిందకి చూడకు. నేను చెప్తున్నాగా. మెట్టు. ఎడమకి కొంచెం. మెట్టు. ఇదిగో, చివరిది."

చెక్కముక్కల మీద అద్దాన్ని ఆనించాక ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. ఒక్క గీత పడలేదు. బామ్మర్ది లేచి, జేబులోంచి కాగితం తీసి గుప్పిట్లో చూపించాడు.

"మొహం కడుక్కొచ్చి వేసుకుంటా. నువ్వు ఫ్రేము తుడువు. ఇవాళ నీ గీత తిన్నగా పోవాలి, పరువు తీయకు."

అతను ఫ్రేము తుడిచాడు. మూలలు గీకాడు, దుమ్ము ఊదాడు. కింద ఎవరో ఇసుక జల్లిస్తున్నారు. ఈసరికి మాత్ర నోట్లో ఉండి ఉంటుంది, అందుకే పలకడం లేదు అనుకున్నాడు. సీలెంటు గొట్టానికి ముక్కు కోశాడు. ఇంకాసేపు అలాగే అనుకున్నాడు.

"అయిందా?"

లేచి వెళ్ళాడు. ఇంకా తలుపు బిగించని స్నానాలగది. బామ్మర్ది గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. తల పక్కకి వాలింది. పక్కన నీళ్ళ బకెట్టు, దాని వెనక నలిగిన కాగితప్పొట్లం. పొట్లం ఖాళీగా ఉంది. వాడి గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఒరేయ్, లే. ఎక్కించామంతే, ఇంకా బిగించాలి."

అరిచాడు. చెంపలు తట్టాడు. వంగని నడుంతోనే వంగి వాణ్ణి ఎత్తుకున్నాడు. అన్ని మెట్లూ ఒక్కడే దిగాడు, ఎవరూ చెప్పకుండా.

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, దుప్పటి వాడి మొహం మీదికి లాగాడు. "కొన్నాళ్ళు మానేసి ఉంటాడు. ఒళ్ళు పాత మోతాదుని మర్చిపోతుంది. మనిషి మర్చిపోడు, పాత లెక్కనే వేసుకుంటాడు. మానేసినప్పుడు మందు ఏమైనా వాడాడా?"

"వాడాడండీ. రోజూ సగం."

డాక్టరు కాగితం మీద 'సగం' అని రాసుకున్నాడు.

వరండాలో భార్య కోసం ఎదురుచూస్తుంటే ఫోన్ మోగింది. మందుల షాపువాడు.

"అన్నా, చౌకది వచ్చింది! జనం ఎగబడుతున్నారు, నీకు పక్కన పెట్టా. ఇద్దరికి సరిపడా అన్నావుగా, ఎన్ని తీయమంటావ్?"

అతను నోరు తెరిచాడు.

"హలో? నోట్లో మాత్ర ఉందా? సరేలే, సాయంత్రం రా," అని షాపువాడు పెట్టేశాడు.

వాడి ఒంటిమీది వస్తువులు అక్క చేతికిచ్చారు. చొక్కా, పర్సు, డైమండు పెట్టుకునే చిన్న రేకు డబ్బా. ఆమె అక్కడ ఏమీ తెరవలేదు.

తర్వాతి పొద్దున అందరూ వెళ్ళిపోయాక, వంటగదిలో ఆ డబ్బా మూత తీసింది. డైమండు లేదు. డబ్బాలో వెండికాగితపు ఉండలు. ఒకటి విప్పింది. రెండు సగాలు, కోసిన అంచులు ఎదురెదురుగా కలిపి ఒక్క మాత్రలా చుట్టి ఉన్నాయి. ఇంకోటి విప్పింది. అదీ అంతే. అన్నీ అంతే. అడుగున ఒక్కటే జతలేని సగం, కాగితం ఇంకా చెమటకి ముడతలు పడి ఉంది.

అతను గోడ పట్టుకుని కూర్చున్నాడు. ఇచ్చిన వాటిలో వాడు ఒక్కటీ వేసుకోలేదు. బావ చేతులు వణకడం చూసి, వట్టి పళ్ళబిగువున మానేద్దామనుకున్నాడు. ఇవన్నీ తిరిగిచ్చేద్దామని జతలు కట్టి దాచాడు.

ఆమె డబ్బాలోకి చూసింది, అతని చేతుల్ని చూసింది. నిన్న అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. విప్పిన కాగితంలోంచి రెండు సగాలూ తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను నాలుక కింద పెట్టుకుని పెదాలు మూశాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

గిన్నెలు తోమలేదు. మాత్ర కరిగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇద్దరి మధ్య నేలమీద రేకు డబ్బా తెరిచే ఉంది, అడుగున జతలేని సగంతో.