సిరా దాటని గడప

వానలు వెనుదీసి నభోమండలము నిర్మలమై కాకినాడ సముద్రతీరమునుండి వీచు లవణమందమారుతము దంతవైద్య కళాశాలాగవాక్షములను మెల్లన కదలించుచుండిన యొక శరత్ప్రభాతమున సువర్చల యను విద్యార్థిని బల్లపై వరుసదీరిన పది సిరాబుడ్లను జూచుచు నిలిచియుండెను.

ఆచార్య వేదగిరివారి కట్టడి యొకటి కలదు. పెరికివేసిన పది దంతముల వేళ్లలోని మూలనాళములను శోధించి మలచి నింపి యేడు దినములు సిరాలో నానవేసి నిలువున చీల్చి చూపవలెను. పదింటను సిరా లోనికి చొరకున్ననే సజీవదంతమును ముట్టుటకు అనుజ్ఞ. తొలిసారి సువర్చల నింపిన పదింట నెనిమిది నీలివర్ణములై తేలగా నామె యందరియెదుట కంటతడి పెట్టెను.

"అమ్మాయీ, నీవు నింపుటయందు దోషము లేదు. మలచుటయందు మొగమాటపడితివి. దంతభిత్తి యరిగిపోవునని జాలిపడి నాళమును ఇరుకుగ విడిచితివి. ఇరుకున పూరణము కుదురుకొనదు" అని యాచార్యులు నాడే పలికిరి.

ఈసారి తప్పినచో నష్టము సువర్చల కొక్కతెకే కాదు. సిరాబుడ్లు కడుగు పరిచారకుడు నూకరాజు పన్నుపోటుతో దవడ పట్టుకొని ద్వారముకడ పంతముపట్టి కూర్చుండి యాచార్యులతో ననెను.

"పీకేసిన పళ్లకోసవే ఏడ్సేసేరండి డాక్టరమ్మగారు! బతికున్న పన్నునొదిలేత్తారేటండీ? ఆయమ్మగారు సెయ్యకపోతే పీకించేసుకుంటానంతే!"

ఆచార్యులు దంతములను చీల్చి భూతద్దము క్రింద నుంచిరి. ముఖద్వారమున విశాలమై కొనకు పోనుపోను సన్నగిల్లి గరాటువలె మలచబడిన తొమ్మిది నాళములయందు సిరా గడపకడనే యాగిపోయెను. పదవదానియందు మాత్రము వెండ్రుకపాటి నీలిరేఖ లోనికి దిగియుండెను. సువర్చల ముఖము వెలవెలబోయెను.

"ఇది యేల దిగినది?"

"ఈ వంపుకడ మరల జాలిపడితి నండీ."

ఆచార్యుల మీసముల చాటున చిరునవ్వు మెదలెను. "పదియు పొడిగ వచ్చియున్న నేను శంకింతును. తన తప్పు నెలవు తానెరిగిన చేతికి ఇక అనుజ్ఞ వేరేల? పొమ్ము. నూకరాజు వేచియున్నాడు."

మాసము గడచెను. ఒకనాటి ప్రొద్దున సువర్చల వ్రాసికొనుచుండగా ప్రక్కగదిలో సిరాబుడ్లు కడుగుచున్న నూకరాజు ఆమె పూరించిన యా పంటితోనే వేయించిన సెనగలు పటపట నమలుట వినబడెను. ఎవరి కంటికిని కానరాని చీకటిసందున తానొనర్చిన పని యా చప్పుడున తనకు చాలునని తోచగా నామె కలము నాపి తృప్తిగ నాలకించుచు కూర్చుండెను.