శుభలేఖల అక్షరాలు

ఆయన పెళ్ళిపత్రికల కోసం ఒక ఫాంటు గీశాడు. ఒక అక్షరం తోక వెళ్ళి పక్క అక్షరం నడుముకు చుట్టుకునే రాత అది. చూస్తే కలం ఎత్తకుండా రాసినట్టుంటుంది. ఒక్క ‘క్ష’ ఒత్తుకే మూడు నెలలు పట్టింది. మొత్తం నాలుగేళ్ళ పని.

ఆ నాలుగేళ్ళలోనే తల్లి మంచం పట్టింది. రమ్మని చెల్లెలు రెండుసార్లు కబురు చేసింది. ఈ వారం పని కాగానే వస్తానన్నాడు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి చెల్లెలు మాట్లాడటం మానేసింది. పదకొండేళ్ళయింది.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మేడమీద ఒకటే గది. తలుపు చప్పుడైతే పక్కింటివాళ్ళదేమో అనుకుని లేచేవాడు కాదు. ఫాంటు మాత్రం ఊరంతా పాకింది. ఏ దుకాణం అద్దం మీద చూసినా, ఎవరి పత్రిక మీద చూసినా అదే. పెళ్ళికి రమ్మని ఆయన్ని పిలిచినవాళ్ళే లేరు.

ఒక మధ్యాహ్నం టపాలో పత్రిక వచ్చింది. మేనకోడలి పెళ్ళి. అచ్చంగా తన అక్షరాలే. నిలబడే నాలుగుసార్లు చదివాడు. ఇన్ని రకాలుండగా చెల్లెలు వీటినే ఏరిందంటే కోపం పోయినట్టే అనుకున్నాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఆరు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళాడు.

హాలు గుమ్మంలో చెల్లెలు ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగింది.

“వచ్చావా అన్నయ్యా? చిక్కిపోయావు.”

“పత్రిక బాగుంది. అక్షరాలు నువ్వే ఏరావా?”

“నాకెక్కడ తీరింది? ప్రెస్సువాడు అందరికీ అవే వేస్తాడట. మెలికలు ఎక్కువై మా తోటికోడలు ఎనిమిదో తేదీని తొమ్మిది అనుకుంది.”

ఆ ఎనిమిది గజిబిజిగానే ఉందని ఆయనా ఒప్పుకున్నాడు. గీసింది తనేనని చెప్పలేదు. మామయ్యని పిలవాల్సిందేనని పెళ్ళికూతురే పట్టుబట్టి పత్రిక పంపిందని ఆ తర్వాత తెలిసింది. ఆ పిల్ల ఆయన చేయి పట్టుకుని పెళ్ళికొడుక్కి చూపించింది. వెనక అక్షింతలు వేసేవాళ్ళు వరసలో నిలబడి ఉండటంతో వెంటనే వదిలేసింది.

భోజనాల దగ్గర పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. బయల్దేరుతుంటే చెల్లెలు గేటు దాకా వచ్చింది.

“అమ్మ సంగతి నేను మర్చిపోలేదన్నయ్యా.”

“మర్చిపోవద్దు. తప్పు నాదే.”

ఆమె ఇంకేదో అనబోయింది. లోపల్నుంచి ఎవరో పిలిచారు. ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చేశాడు. పిల్ల కబుర్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదు. అయినా ఎవరూ పెట్టెయ్యలేదు. కాసేపటికి పొయ్యి మీద పాలున్నాయని ఆమె పెట్టేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తాడు. కొన్ని ఆదివారాలు ఆమె ఎత్తుతుంది.