బస్సు పలకరింపు

డ్రైవరుకు హారన్ అంటే నోటిమాట లాంటిదే. వాళ్ల ఊళ్లో మలుపులో హారన్ కొట్టనివాణ్ని పొగరుబోతు అంటారు. తెలిసినవాళ్లు కనిపిస్తే నొక్కాలి, ఎవరైనా దారిస్తే నొక్కాలి. ఈ కొత్త ఊళ్లోనేమో హారన్ అంటే నడిరోడ్డు మీద తిట్టడమే. ఆ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది, కల గంటాడా?

చేరిన కొత్తలోనే ఫిర్యాదు వచ్చింది. ఆ వెనకే మరొకటి. మేనేజరమ్మ గదిలోకి పిలిచి, "ఇంకొక్కటొస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు బాబూ. ఉద్యోగం పోతుంది," అంది. రెండు ఫిర్యాదులూ పోస్టాఫీసు స్టాపులో చేతికర్రతో నిలబడే మామ్మగారివే.

డ్రైవరు ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఉన్న ఊరు వదిలి, భార్యను వెంటబెట్టుకుని వచ్చింది ఈ ఉద్యోగం కోసమే. "వెళ్లి బతిమాలుకో, పోయేదేముంది," అంది భార్య.

మర్నాడు ఆ స్టాపులో బస్సు దిగి మరీ చెప్పుకున్నాడు. "మామ్మగారూ, నేను తిట్టలేదండీ. మా వైపు అది బాగున్నారా అని అడగడం. ఇకమీదట హారన్ జోలికే పోను."

ఆవిడ ఎగాదిగా చూసి బస్సెక్కింది.

ఆ తర్వాత పోస్టాఫీసు స్టాపు వస్తే చాలు, బస్సు ఆపి చెయ్యి తొడ కింద పెట్టుకునేవాడు. మామ్మగారు మూతి ముడుచుకుని ఎక్కేది, మూతి ముడుచుకునే దిగేది.

కొన్నాళ్లకు మళ్లీ పిలుపొచ్చింది. వెళ్లి చూస్తే మేనేజరమ్మ ఎదురుగా మామ్మగారు. అయిపోయింది, ఇక ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి అనుకున్నాడు డ్రైవరు.

"ఒట్టు, హారన్ ముట్టుకోలేదండీ," అన్నాడు.

"నా ఫిర్యాదూ అదే," అంది మామ్మగారు. "పలకరింపని తనే చెప్పాడు. చెప్పిన రోజునుంచే మానేశాడు. అన్నాళ్లూ పలకరించి ఇప్పుడు మొహం చాటేస్తే ఏమనుకోవాలి? నేనితనికి ఏం అపకారం చేశాను?"

మేనేజరమ్మ నవ్వాపుకోలేక మంచినీళ్ల గ్లాసు అందుకుంది. "హారన్ కొట్టాడంటే తీసేయమని ఉంది. కొట్టలేదంటే ఏం చేయాలో రూల్సులో లేదు. ఆవిడ స్టాపులో ఒకసారి నొక్కు బాబూ. మెల్లిగా, ఒక్కసారే."

డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు బొటనవేలితో సుతారంగా ఒక్కసారి నొక్కి, చెయ్యి మళ్లీ తొడ కింద పెట్టుకున్నాడు. "బాగానే ఉన్నాలే, నువ్వెలా ఉన్నావు?" అంటూ మామ్మగారు ఎక్కింది. ఆవిడ వెనకున్న టోపీ పెద్దాయన మాత్రం కదల్లేదు.

"ఎక్కరా సార్?"

"ఆవిణ్నయితే పలకరించావు. నేను కనిపించలేదా?"

డ్రైవరు అటూ ఇటూ చూసి, తొడ కిందనుంచి చెయ్యి తీశాడు.