అప్పజెప్పిన ఆవు

ఆ రోజు నా నోట్లో పురుగులు పడాల్సింది. పడలేదు. నోరు శుభ్రంగానే ఉంది, మూసుకుని ఉంది, అంతే.

మా దగ్గర ఆవుని కొనుక్కున్న రైతు ఇంట్లో కట్టేసుకోడు. మందలు తోలుకు తిరిగే ఫులానీ జాతి కాపరి దగ్గర, వాడి మందలో కలిపేస్తాడు. పాలు కాపరివి, ఆవు మనది, మూడో ఈత దూడ కాపరిది. ఆవు ఎవరిదో కాపరి చచ్చినా చెప్పడు, ఆ మాట ఆవుగలవాడి నోటే రావాలి. తాతలనాటి కట్టుబాటు ఇది. చుట్టాల కళ్ళు పడకుండా నేను కూడా ఓలే అనే పసుపు రంగు ఆవుని గిదాదో అనే కాపరి మందలో ఆరేళ్ళు దాచాను. మా ఆవిడకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు.

తర్వాత రోజులు చెడ్డాయి. పక్క ఊళ్ళలో మావాళ్ళు ఫులానీలని నరికారు, వాళ్ళు మావాళ్ళని కాల్చారు. ఎవరు మొదలెట్టారంటే ఎవరి కథ వాళ్ళకుంది. ఫులానీలతో పొత్తున్నవాడు ద్రోహి అన్నారు. అన్నారేంటి, నేనే అన్నాను! చర్చి మెట్టెక్కి, "వాళ్ళ పాలు కొన్నవాడు మన రక్తం తాగినట్టే!" అని అరిచాను. కుర్రాళ్ళు ఈలలేశారు. నేను ఉబ్బిపోయాను. ఛీ, ఏం బతుకు.

వారం తిరక్కుండా ఓ పొద్దున్నే గిదాదో మా పెరటి కంచె దగ్గరికొచ్చాడు. కర్ర భుజాల మీద అడ్డంగా పెట్టి, రెండు చేతులూ దానికి వేలాడేసి నిలబడ్డాడు.

"దతోక్ అన్నా, రాత్రి ఓలే తాడు తెంచుకుని నాన్‌లెప్ అక్క దుంపచేలో పడింది. తప్పు నాదే, ముడి సరిగ్గా వెయ్యలేదు."

"ఎంత తింది?"

"తిన్నదానికన్నా తొక్కింది ఎక్కువ. పంచాయతీలో 'ఆవు నాదే' అని ఒక్క మాట అను. ఇద్దరం కలిసి చేను మళ్ళీ నాటిద్దాం. ఊరివాడి ఆవంటే ఎవరూ కత్తి పట్టరు."

"సరే సరే, ముందు నువ్వెళ్ళు, ఎవరన్నా చూస్తారు," అన్నాను. సరే అన్నాను, గుర్తుంచుకోండి.

నాన్‌లెప్ మొగుడు పోయిన మనిషి. మా పక్కిల్లే. ఆ చేను తప్ప ఆమెకి ఇంకో ఆధారం లేదు. ఆ మధ్యాహ్నం పంచాయతీలో, ఊడొచ్చిన దుంప మొక్కలు ఒళ్ళో పోసుకుని కూర్చుని ఏడుస్తోంది.

ఊరిపెద్ద గిదాదోని అడిగాడు: "చేలో పడ్డ ఆవు ఎవరిదిరా?"

"నా మందలోదే."

"మందలోది సరేలే. ఎవరిది?"

గిదాదో నావంక ఒక్కసారి చూశాడు. మళ్ళీ చూడలేదు. నేను నా మడమ పగుళ్ళు చూసుకుంటున్నాను.

పెద్దకి కట్టుబాటు తెలుసు. ముసలాయన మావైపు తిరిగి మూడుసార్లు అడిగాడు. "మీలో ఎవరికన్నా వీడి మందలో ఆవుందా? ఉంటే లేవండయ్యా. చేను నాటిస్తే తీరిపోయే గొడవ ఇది."

గుమ్మడికాయల దొంగ కనీసం భుజాలు తడుముకుంటాడు. నేను కదల్లేదు. చర్చి మెట్టు మీద అంతలా అరిచినవాణ్ణి, ఇప్పుడు లేస్తే ఆ ఈలలేసినవాళ్ళే నా మొహాన ఉమ్మేస్తారని భయం.

"అయితే కావాలనే తోలాడన్నమాట!" అన్నాడొక కుర్రాడు. "దతోక్ అన్న ముందే చెప్పలా!"

సాయంత్రానికి గిదాదో గుడిసెలు తగలబడ్డాయి. వాడి అన్న జౌరో, కాళ్ళు పడిపోయిన మనిషి, ఒకదాంట్లో ఉన్నాడు. బయటికి రాలేదు. పొగ వస్తోందని మా ఆవిడచేత తలుపు వేయించాను నేను.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం కుక్క మొరిగింది. చూస్తే వాకిట్లో గిదాదో. చంపడానికే వచ్చాడనుకుని కొడవలి అందుకున్నాను. వాడి చేతిలో తాడు, తాడుకి ఓలే, దాని వెనక దూడ.

"దించన్నా దాన్ని," అన్నాడు. "వెళ్ళిపోతున్నాం. నీది నీకప్పజెప్పి పోదామని వచ్చాను."

కొడవలి దించాను.

"మందలో పదకొండింటిని నరికారు. దీన్నే ముందు వాగు దాటించాను, నమ్మి ఇచ్చింది కదా. తిరిగొచ్చేసరికి జౌరో గుడిసె కప్పు దిగిపోయింది." గొంతు పెంచలేదు. "దూడ మూడో ఈతది, నాదే. కానీ ఇంకా పాలు మరవలేదు, తల్లిని విడిచి బతకదు. ఉంచుకో."

తిట్టరా, ఒక్క తిట్టన్నా తిట్టిపోరా అని లోపల్లోపల మొత్తుకున్నాను. వాడు ఓలేని గుంజకి కట్టి, తాడు రెండుసార్లు లాగి చూశాడు. "ఈసారి గట్టిగా వేశాను ముడి," అన్నాడు. దాని మెడ నిమిరి వెళ్ళిపోయాడు. ఓలే వాడు పోయిన దారికేసి అరుస్తూనే ఉంది.

ఆ అరుపులకి నాన్‌లెప్ వచ్చింది. "ఎవరిదన్నా ఈ ఆవు?"

అడిగింది. దేవుడు నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు, చూడండి. ఒక్క మాట చాలు.

"వాళ్ళదే," అన్నాను. "దొరికితే పట్టుకొచ్చాను."

"మంచి పని చేశావన్నా! నా ఉసురు ఊరికే పోలేదు," అంది. ఒడిలోంచి, ఆవు తొక్కగా మిగిలిన నాలుగు దుంపలు తీసింది. "ఇంద, పిల్లలకి ఉడకేసి పెట్టు. మాకోసం నోరు విప్పినవాడివి నువ్వొక్కడివే."

రెండు చేతులూ చాపి తీసుకున్నాను.