ఢిల్లీబాబు వాకిట్లో దండలు

తిరుచానూరులో పూలకొట్టు నడిపే దావూద్ ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం మేనకోడలు సమీరాతో ఒక వెబ్‌సైటు చేయించుకున్నాడు. అది నత్తలా ఉందని రోజూ సణిగేవాడు. ఆ సణుగుడు భరించలేక, పెద్ద ముహూర్తానికి ముందురోజు సమీరా సర్వర్ కోడ్ మార్చింది. కొనేవాళ్ల వివరాలు ప్రతిసారీ డేటాబేసులో వెతక్కుండా, ఒకసారి తెచ్చినవే గుర్తుపెట్టుకోమంది. సైటు పరుగందుకుంది.

మరునాడు మొదటి ఆర్డరు ఢిల్లీబాబుది, పూజకు మూరెడు చామంతులు. సర్వరు అతని అడ్రసు గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత ఎవరు ఏం కొన్నా అక్కడికే పంపింది.

కాసేపటికి ఢిల్లీబాబు వాకిట్లో గులాబీ దండలు నడుమెత్తు పేరుకున్నాయి. ఎదురింటివాళ్లు కంగారుపడి అతని బంధువులకు ఫోన్లు చేశారు. రేణిగుంట నుంచి మేనత్త జ్ఞానాంబ ఆటో నిండా చుట్టాలతో దిగి, గుండెలు బాదుకుంది.

"ఎంత పని చేస్తివి నాయనా! నిన్ననే గదా ఫోన్లో మాట్లాడితివి!"

పండ్లు తోముకుంటూ ఢిల్లీబాబు బయటికొచ్చాడు. "ఏందత్తా, ఎవురు సచ్చిపోయినారు?"

"నువ్వే గదరా!" అంటూ ఆమె ఏడుపు ఆపకుండానే అతని మెళ్లో దండ వేసింది.

అతను దావూద్‌కు ఫోన్ చేశాడు. "ఏమప్పా, బతికుండంగానే నాకీ మర్యాద యాల?"

అప్పటికే కల్యాణమండపాల వాళ్ల కేకలతో దావూద్ చెవి వేడెక్కిపోయింది. సమీరా కొట్లోనే లాప్‌టాప్ తెరిచి, తన పేరుతో లాగినయింది. 'స్వాగతం ఢిల్లీబాబు గారూ' అంది సైటు.

"మామూ, ఇది నన్ను గూడా ఢిల్లీబాబు అంటాండాది!"

"నన్నేమంటాదో సూడు."

"నిన్నూ అంతే."

సమీరాకు తప్పు దొరికింది. గుర్తుపెట్టుకోమంది గానీ, ఏ వివరాలు ఎవరివో పేరు రాసి పెట్టుకోమని చెప్పలేదు. ఒక్కొక్కరి వివరాలు వాళ్ల ఖాతా నంబరు కింద దాచేలా సరిదిద్దింది. ఒకే ఇంటికి వరసగా ఆర్డర్లు వస్తే పంపేముందు దావూద్‌ను అడిగేలా ఇంకో మార్పు చేర్చింది.

అసలైన అడ్రసులు దొరికాయి గానీ, పూలు మోయడానికి మనుషులు చాలలేదు. ఏడవడానికి వచ్చిన చుట్టాలే తలా కొన్ని దండలు పట్టుకుని ఆటోలెక్కారు. కళ్లు ఎర్రగా ఉబ్బి, ముక్కులు తుడుచుకుంటూ వచ్చిన వాళ్లను చూసి, ఒక మండపంలో పెళ్లికూతురి తల్లి కరిగిపోయింది.

"మా పాప మీద ఎంత ప్రేమమ్మా మీకు! తినకుండా పోగూడదు" అని జ్ఞానాంబ చెయ్యి పట్టుకుంది.

జ్ఞానాంబ కాదనలేదు. రెండోసారి పాయసం వేయించుకుంటూ మేనల్లుడికి ఫోన్ చేసింది.

"నువ్వు గూడా రారా, బతికే ఉండావు గదా!"