బజారంటే వీధి

వరలక్ష్మి అదే అర్జీతో మూడోసారి గ్రామ సచివాలయం మెట్లెక్కేసరికి ఇంద్రజకు మొహం చూపించబుద్ధి కాలేదు. గురజాల దగ్గరి ఆ ఊళ్ళో ఇంద్రజ నాలుగేళ్ళుగా డిజిటల్ అసిస్టెంట్. ఏ అర్జీ ఏ శాఖకు పోవాలో ఈ ఏడాది నుంచి ఏఐ తేలుస్తోంది.

"మా బజారుకు నీళ్ళు రాక నెల దాటిందమ్మాయ్. పరిష్కారమైందని మెసేజీ వచ్చింది. ఏంది అయింది?"

ఇంద్రజ అర్జీ తెరిచి చూసింది. అది మార్కెట్ల శాఖకు పోయింది. తమకు సంబంధం లేదని వాళ్ళు మూసేశారు. మూడుసార్లూ అంతే. ఇక్కడ బజారంటే వీధి. ఏఐకి అది అంగడి. 'వీధి' అని మార్చి పంపింది. నాలుగో రోజుకు పైపు బాగుచేశారు.

ఆమె జిల్లా ఆఫీసుకు రాసింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిశాయన్న అర్జీని ఏఐ కల్లు అనుకుని ఎక్సైజుకు పంపిందనీ, ఇలాంటి మాటలు పధ్నాలుగు దొరికాయనీ, అందరికీ తెలపమనీ. రెండు వారాలకు ఒక ఫారం వచ్చింది. ఏఐ మీద ఎన్ని శిక్షణలు, ఎంతమంది హాజరు, ఫోటోలు. నేర్చుకున్నది రాయడానికి గడి లేదు. ఉన్న గడులే నింపి పంపింది.

మీటింగులో అడిగితే, "గ్రూపులో పెట్టమ్మా" అన్నారు ఆఫీసరు. పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షల కింద అది కనపడకుండా పోయింది.

జూన్‌లో ఆమెను క్రోసూరు వైపు బదిలీ చేశారు. ఆమె స్థానంలోకి ఎవరూ రాలేదు. అప్పజెప్పడానికి మనిషి లేక, మాటల జాబితా ప్రతి ఒకటి కంప్యూటర్ పక్క గోడకు అంటించి వచ్చింది.

కొత్త ఆఫీసులో పక్క సీటు బెంజిమిన్‌ది. సంగతి విని తన ఫోను తీసి చూపించాడు. ఇరవై మూడు మాటలు.

"పైకి పంపలేదా అండీ?"

"రెండుసార్లు పంపా మేడమ్. ఫోటోలు అడిగారు."

ఆమెకు నవ్వు రాలేదు. "చానా తిరిగారు జనం, మనకు తెలిసేలోపు" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె తన జాబితా చదువుతుంటే అతను టైపు చేశాడు. రెండింట్లో ఉన్నవి తీసేస్తే ముప్పై ఒకటి మిగిలాయి. తెలిసిన డిజిటల్ అసిస్టెంట్లందరికీ పంపారు. సాయంత్రానికి ఇద్దరు బదులిచ్చారు. ఒకామె తన దగ్గరి మాట ఇంకోటి చేర్చింది. ఇంకొకతను, "ఇది ఎవరు పంపమన్నారు?" అని అడిగాడు.

"ఎవరూ అనలేదు" అని కొట్టి, ఇంద్రజ సంచి భుజాన వేసుకుని బస్సు కోసం బయల్దేరింది.