దైవసహాయం ఎడమకన్ను

నేను ఒక భూతద్దాన్ని. వాచీలు బాగుచేసేవాళ్ళు కంటిగుంటలో ఇరికించుకుంటారే, నల్లటి డిప్పలో బిగించిన గాజుబిళ్ళ, అదే నేను. మద్రాసులో తయారై, ఓ మేస్త్రి దగ్గర పదేళ్ళు పనిచేసి, ఆయన చూపు మందగించాక శిష్యుడు దైవసహాయం చేతికొచ్చాను. చీరాల బస్టాండు పక్కన దైవసహాయం కొట్టు. నలభై ఏళ్ళు ఆయన ఎడమకంట్లోనే కాపురమున్నాను.

అరవై ఏడో ఏట ఆ కన్ను అదరడం మొదలైంది. ముందు రెప్ప, తర్వాత బుగ్గ, ఆనక మూతి కూడా ఓ పక్కకి లాక్కుపోయేది. కన్ను బిగుసుకున్నప్పుడల్లా నేను ఎగిరి బల్లమీద పడేదాన్ని. ఓసారి విప్పిపెట్టిన వాచీ మీద పడి ముల్లు విరగ్గొట్టాను. తప్పు నాదే అన్నట్టు నన్ను సొరుగులోకి విసిరాడు. కుడికంటికి మార్చి చూశాడు గానీ చేతికి పని కుదర్లేదు.

ఎడమకన్ను అదిరితే మగవాళ్ళకి కీడని ఒకరు, నిద్ర చాల్లేదని ఇంకొకరు. ఓ టీచరమ్మయితే, "ఈ వయసులో కన్నుకొట్టడానికి సిగ్గులేదూ?" అని బజారంతా వినేలా అరిచింది. ఆ వారం ఆయన కొట్టు తియ్యలేదు.

మూడు నెలలకోసారి మొహానికి సూదిమందు వేసేవారు. కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ మొదలయ్యేది. ఆపరేషను చెయ్యండంటే ముగ్గురు డాక్టర్లదీ ఒకటే మాట: "డెబ్భై దగ్గరపడ్డాయి. ఇప్పుడెందుకు తాతా?"

"ఎందుకేంటండీ? నేనింకా పనిచేసుకు బతుకుతున్నా!" అన్నాడు. ఎవరు విన్నారు?

మూడేళ్ళు అలా గడిచాక, గుంటూరులో నాలుగో డాక్టరమ్మ మాత్రం వయసు సంగతెత్తకుండా గుండె, ఊపిరితిత్తులు పరీక్ష చేయించింది. తలలో ఓ రక్తనాళం మొహం నరాన్ని నొక్కుతోందట. చెవి వెనక చిన్న రంధ్రం చేసి, రెండింటి మధ్యా మెత్తటి పీచు పెట్టిందట. ఆ పూటంతా నేను ఆయన భార్య సలోమి చేతిసంచిలో ఉన్నాను. ఆవిడ ప్రార్థన ఒక్క క్షణం ఆగలేదు.

మర్నాడు కన్ను అదురుతూనే ఉంది. పైగా ఎడమచెవి సగం వినపడటంలేదు. "ఇందుకా కోయించుకుంది?" అని ఆయన మంచాన్ని గుద్దాడు. నరం నెమ్మదించడానికి వారాలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పినా నమ్మలేదు.

ఏడోవారానికి అదురు ఆగిపోయింది. కొట్టు తెరిచాడు. వచ్చేవాళ్ళెవరు? ఈలోగా అందరూ వేరే కొట్లు చూసుకున్నారు. మూడోరోజు తన చేతివాచీనే తీసి, నన్ను కంట్లో పెట్టుకుని, ఒక్కో చక్రమూ విప్పసాగాడు.

అన్నం తెచ్చిన సలోమి, "అది బానే నడుస్తోందిగా?" అంది. వినపడక ఆయన కుడిచెవి తిప్పితే మళ్ళీ అడిగింది.

"మూడేళ్ళు, సలోమీ! వయసైపోయిందని చెప్పి మూడేళ్ళు తినేశారు నాయి!"

కోపంతో ఆయన గడ్డం వణికింది, మొహం కందగడ్డయింది. నేను మాత్రం కంట్లోంచి జారలేదు.